పిల్లలు నిలవని ఇల్లు

(ఆకాశవాణి వరంగల్లు కేంద్రం స్త్రీల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



పెంటయ్య, పెంటమ్మ అనే పేర్లు మన వైపు మీరంతా విన్నవే. ఇప్పటి పిల్లలకు ఆ పేర్లు వింటే నవ్వొస్తుంది. నవ్వుకోవడానికి పెట్టిన పేర్లు కావవి. వరసగా ఇద్దరో ముగ్గురో బిడ్డలు పుట్టి పోయిన ఇంట్లో మళ్ళీ ఒక బిడ్డ పుడితే, ఆ బిడ్డను తీసుకెళ్ళి పెంటకుప్ప మీద ఒక్క క్షణం పడుకోబెట్టి, ఇంకొకరి చేత ఎత్తించి తెచ్చుకుని, 'ఇది మా బిడ్డ కాదు, పెంట మీద దొరికింది' అని మృత్యువును నమ్మించడానికి పెట్టుకున్న పేర్లు. ఉత్తరాంధ్ర వైపు తవుడు ఇచ్చి బిడ్డను కొనుక్కున్నట్టు చేసి తవిటయ్య, తవిటమ్మ అని పెట్టుకునేవారు. పేరు ఏదైతేనేం, అటువంటి ప్రతి పేరు వెనకా పెరిగి పెద్దవాళ్ళు కావడానికి నోచుకోని పసివాళ్ళు ఉంటారు.

వాళ్ళంతా ఎందుకు పోయారు? చాలామంది మశూచితోనో, ధనుర్వాతంతోనో, కోరింత దగ్గుతోనో, విరేచనాలతోనో పోయారు. టీకాలు వచ్చాయి, శుభ్రమైన కాన్పులు వచ్చాయి, ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళ విలువ తెలిసింది. ఆ పేర్లూ తగ్గిపోయాయి. అయినా ఊరంతా బాగున్నప్పుడు కూడా ఒక్కొక్క ఇంట్లో మాత్రం పిల్లలు నిలవరు. టీకాలన్నీ వేయిస్తారు, కాచిన నీళ్ళే తాగిస్తారు, డాక్టర్ల చుట్టూ తిరుగుతారు. అయినా పక్కింటి పిల్లవాడికి రెండు రోజుల్లో తగ్గే దగ్గు ఈ బిడ్డకు నిమ్ముగా మారి ప్రాణం మీదికి తెస్తుంది. అటువంటి ఇళ్ళ సంగతే ఈ రోజు మీతో చెప్పాలనుకున్నాను.

నేను డాక్టరును కాను. హనుమకొండలో ఇంటర్మీడియట్ పిల్లలకు జంతుశాస్త్రం చెప్పి రిటైరైన దాన్ని. అయితే ఈ విషయం పుస్తకంలో చదివి పాఠం చెప్పడం వేరు, సొంత ఇంట్లో చూడడం వేరు అని నాకు ఆలస్యంగా తెలిసింది.

మా వదినెకు, అంటే మా వారి అక్కగారికి, మొదట ఇద్దరు మగపిల్లలు. ఒకడు ఏడాది నిండకుండా, ఇంకొకడు రెండేళ్ళు వచ్చాక, ఇద్దరూ నిమ్ముతోనే పోయారు. ఆ తరువాత పుట్టిన ఆడపిల్లకు మా అత్తగారు పెంటమ్మ అని పిలుపు పేరు పెట్టింది. బడి పేరు వేరే ఉన్నా మా అందరికీ ఇప్పటికీ పెంటమ్మే. దాని తరువాత ఇంకొక ఆడపిల్ల. ఆడపిల్లలిద్దరూ రాయిలాగా ఉన్నారు. 'మన ఇంటికి మగ సంతానం అచ్చిరాదు' అని పెద్దవాళ్ళు తేల్చేశారు. ఆ మాటలో సగం సైన్సు ఉన్నదని అప్పుడు ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు.

పెంటమ్మను పరకాల వైపు ఇచ్చారు. మొదటి కాన్పులో కొడుకు. ఆరు నెలల దాకా బొద్దుగా, ఎత్తుకుంటే చేతులు నొప్పి పుట్టేటంత బరువుగా ఉన్నాడు. అన్నప్రాసన బ్రహ్మాండంగా చేశారు. ఆ తరువాత పది పదిహేను రోజులకే చెవిలో చీము. అది తగ్గీ తగ్గకముందే దగ్గు, జ్వరం. మందు సీసా అయిపోయేదాకా బాగుండడం, అయిపోగానే మళ్ళీ మొదలు. ఎన్ని సీసాలు మారాయో లెక్క లేదు. పదమూడో నెలలో నిమ్ము చేసి మూడు రోజుల్లో పోయాడు.

"ఆరు నెలల దాక మంచిగనే ఉండె గదా అత్తా. బువ్వ ముట్టించినంకనే ఇట్లాయె. ఆ రోజు ఎవరి కండ్లు పడ్డయో" అని నా ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చింది. వాళ్ళ అత్త దిష్టి అనలేదు. "నీ పాలల్ల సత్తువ లేదు" అన్నది. బిడ్డ పోయిన తల్లికి ఆ మాట ఎట్లా ఉంటుందో మీకు చెప్పనక్కరలేదు.

నిజానికి ఆరు నెలలు ఆ బిడ్డను కాపాడింది తల్లే. ఎట్లాగో చెబుతాను.

మన రక్తంలో ఎర్ర కణాలతో పాటు తెల్ల కణాలు కూడా ఉంటాయని మీకు తెలుసు. ఇవన్నీ పుట్టేది ఎముక లోపలి మూలుగలో. మటన్ వండినప్పుడు పిల్లలు చప్పరించి తినే మూలుగ బొక్క ఉంటుంది కదా, అటువంటిదే మనకూ. ఆ మూలుగలో అన్ని కణాలకూ తల్లి వంటి మూలకణాలు ఉంటాయి. వాటి నుంచి పుట్టిన తెల్ల కణాల్లో కొన్ని మన రొమ్ము ఎముక వెనక ఉండే థైమస్ అనే చిన్న గ్రంథిలోకి పోయి శిక్షణ పొంది వస్తాయి. థైమస్ పేరుతో వాటిని టీ కణాలు అన్నారు. ఆ గ్రంథికి ఏదో పని ఉన్నదని 1961 దాకా ఎవరూ గట్టిగా చెప్పలేకపోయారు. ఆ సంవత్సరం జాక్ మిల్లర్ అనే శాస్త్రజ్ఞుడు అప్పుడే పుట్టిన ఎలుక పిల్లల్లో దాన్ని తీసివేసి చూస్తే, అవి అంటురోగాలకు తట్టుకోలేకపోయాయి.

ఇంకొక రకం బీ కణాలు. వీటి కథ కోడితో మొదలైంది. కోడి తోక కింద, రెట్ట వచ్చే దారి పక్కన చిన్న సంచి వంటిది ఉంటుంది. దాని పని ఏమిటో తెలుసుకోవడానికి అమెరికాలో బ్రూస్ గ్లిక్ అనే విద్యార్థి కొన్ని కోడిపిల్లల్లో దాన్ని తీసివేశాడు. ఏమీ కనిపించలేదు. తరువాత క్లాసులో పాఠం కోసం అతని స్నేహితుడు ఆ కోళ్ళనే వాడుకుని వాటికి రోగక్రిములు ఎక్కిస్తే, మామూలుగా తయారు కావలసిన యాంటీబాడీలు తయారు కాలేదు. 1956లో ఆ సంగతి కోళ్ళ శాస్త్రానికి సంబంధించిన పత్రికలో అచ్చయింది. మనుషుల జబ్బులు చూసే డాక్టర్లు కోళ్ళ పత్రిక ఎందుకు చదువుతారు? కొన్నేళ్ళు ఎవరికీ పట్టలేదు. ఆ సంచి పేరు బర్సా. బీ కణాల్లో బీ అక్షరం అక్కడి నుంచే వచ్చింది. మనకు బర్సా లేదు, ఆ పని మూలుగే చేస్తుంది.

బీ కణాలు పెద్దవై యాంటీబాడీలను తయారు చేసి రక్తంలోకి వదులుతాయి. ఇవి క్రిమికి అంటుకుని 'ఇదిగో దొంగ' అని మిగతా కణాలకు పట్టిస్తాయి. చీము పట్టించే క్రిములు, నిమ్ము తెప్పించే క్రిములు చాలావరకు ఈ యాంటీబాడీలకే లొంగుతాయి.

కడుపులో ఉన్న బిడ్డ సొంతంగా వీటిని తయారు చేసుకోదు. నెలలు నిండుతున్న కొద్దీ తల్లి తన రక్తంలోని యాంటీబాడీలను మాయ గుండా బిడ్డకు ఇస్తుంది. పుట్టింటి వాళ్ళు కూతురును అత్తారింటికి పంపుతూ ఆరు నెలల బియ్యం కట్టి పంపినట్టు అన్నమాట. ఆ బియ్యం నెమ్మదిగా తరిగిపోతుంది. అవి ఉన్నవి మూడు వారాలకు సగమవుతాయి, ఆ సగం మళ్ళీ మూడు వారాలకు సగమవుతుంది. అయిదారు నెలలకు దాదాపు అయిపోతాయి. ఆ లోపల మామూలు బిడ్డ తన పొయ్యి తాను వెలిగించుకుంటుంది. పెంటమ్మ కొడుక్కు ఆ పొయ్యే లేదు. తల్లి ఇచ్చింది అయిపోయిన నెలా, మనం అన్నప్రాసన చేసే నెలా ఒకటే. అంతే తప్ప బువ్వ తప్పూ కాదు, ఎవరి కంటి తప్పూ కాదు, పాలల్లో సత్తువ లేకపోవడం అంతకంటే కాదు.

ఈ జబ్బును మొదట గుర్తుపట్టిన వాడు ఆగ్డెన్ బ్రూటన్ అనే అమెరికా సైనిక వైద్యుడు. ఎనిమిదేళ్ళ కుర్రవాడు ఒకడు మళ్ళీ మళ్ళీ నిమ్ముతో, రక్తం విషమించి ఆసుపత్రికి వస్తుండేవాడు. అప్పుడే కొత్తగా వచ్చిన యంత్రంలో అతని రక్తం పెట్టి చూస్తే, యాంటీబాడీలు ఉండవలసిన చోట ఏమీ లేదు. యంత్రమే చెడిపోయిందేమో అనుకోవలసినంత ఖాళీ! ఇతరుల రక్తం నుంచి తీసిన యాంటీబాడీలను నెలనెలా ఇంజక్షనుగా ఇస్తే కుర్రవాడు కోలుకున్నాడు. బ్రూటన్ దీన్ని 1952లో ప్రకటించాడు. కారణమైన జన్యువు 1993లో దొరికింది. దానికి బ్రూటన్ పేరే కలిపి బీటీకే అంటున్నారు. ఈ జన్యువు చెప్పగా తయారయ్యే ప్రోటీను 659 పూసల దండ. ఎక్కడో ఒక్క పూస మారినా బీ కణం మూలుగలోనే సగం ఎదిగి ఆగిపోవచ్చు. ఎడ్లు, నాగలి, పొలం అన్నీ ఉండి, మొలక భూమిలోనే మాడిపోయినట్టు.

ఇప్పుడు మగపిల్లల సంగతి. బీటీకే జన్యువు ఎక్స్ అనే క్రోమోజోము మీద ఉంది. ఆడవాళ్ళకు ఎక్స్‌లు రెండు, మగవాళ్ళకు ఒక్కటే. బీరువాకు రెండు తాళం చెవులు ఉంటే ఒకటి వంకరపోయినా రెండో దానితో తెరుచుకుంటాము. ఒక్కటే ఉన్నవాడికి అది వంకరపోతే బీరువా తెరుచుకోదు. తల్లి దగ్గర ఒక చెవి వంకరది, ఒకటి మంచిది. ఆమెకు ఏ జబ్బూ ఉండదు. పుట్టే ప్రతి కొడుకుకూ వంకర చెవి వచ్చే అవకాశం సగం. ప్రతి కూతురుకూ తల్లిలాగానే మోసుకుపోయే అవకాశం సగం. సగం అంటే ఇద్దరిలో ఒకరికి తప్పక వస్తుందని కాదు సుమా. ప్రతి కాన్పుకూ బొమ్మా బొరుసూ కొత్తగా వేసినట్టే. మా వదినెకు ఇద్దరు కొడుకులూ అట్లాగే అయ్యారు.

నేను ముప్పై ఏళ్ళు క్లాసులో విక్టోరియా రాణి వంశవృక్షం బోర్డు మీద గీశాను. రక్తం గడ్డకట్టని జబ్బు ఆమె కూతుళ్ళ ద్వారా ఐరోపా రాజకుటుంబాలకు ఎట్లా పాకిందో, ఆడవాళ్ళకు గుండ్రాలు, మగవాళ్ళకు చతురస్రాలు గీసి, జబ్బు ఉన్నవాళ్ళను సుద్దముక్కతో నింపి చూపించాను. పరీక్షలో ఆ ప్రశ్న వస్తుందని పిల్లలకు మరీ మరీ చెప్పాను. మా ఇంట్లో అదే వంశవృక్షం, వదినె ఇద్దరు కొడుకులు, పెంటమ్మ కొడుకు, మూడు నిండిన చతురస్రాలు నా కళ్ళముందే ఉంటే, నేను మాత్రం గుర్తుపట్టలేదు. ఇది చెప్పుకోవడానికి నాకు సిగ్గుగానే ఉన్నది.

గుర్తుపట్టింది ఒక చిన్న డాక్టరమ్మ. పెంటమ్మకు రెండో కాన్పులోనూ కొడుకే. ఎనిమిదో నెలలో నిమ్ముతో ఆసుపత్రిలో చేర్చాము. ఆ అమ్మాయి బిడ్డ నోరు తెరిపించి టార్చి వేసి చూసింది. గొంతులో రెండు పక్కలా ఉండవలసిన టాన్సిల్స్ కనిపించలేదు. టాన్సిల్స్ నిండా ఉండేవి బీ కణాలే కదా. అప్పుడు తల ఎత్తి, "అమ్మా, మీకు అన్నదమ్ములు ఎందరు?" అని అడిగింది. పెంటమ్మ, "లేరు మేడం, మేమిద్దరం అక్కచెల్లెండ్లమే" అన్నది. అక్కడే ఉన్న మా వదినె ఏమీ అనలేదు. ఆ డాక్టరమ్మ ఊరుకోకుండా, "పుట్టి పోయినవాళ్ళు ఎవరన్నా ఉన్నారా పెద్దమ్మా?" అని వదినెను అడిగింది. వదినె చాలాసేపటికి, "ఇద్దరున్నరు బిడ్డా" అన్నది. ఇరవై ఏళ్ళకు పైగా ఎవరి ముందూ అనని మాట అది.

ఆ ఒక్క మాటతో మిగతాది చకచకా జరిగింది. రక్తంలో యాంటీబాడీలు లెక్క పెట్టే పరీక్ష, ఆ తరువాత బీ కణాలు లెక్క పెట్టే పరీక్ష, చివరికి జన్యు పరీక్ష. మొదటి కొడుకప్పుడు కూడా ఎవరన్నా ఆ ప్రశ్న వేసి ఉంటే అని పెంటమ్మ ఇప్పటికీ అంటుంది. దానికి నా దగ్గర జవాబు లేదు.

ఆ పిల్లవాడు ఇప్పుడు నాలుగో తరగతి చదువుతున్నాడు. నాలుగు వారాలకు ఒకసారి ఆసుపత్రికి పోయి యాంటీబాడీల సీసా ఎక్కించుకుని, హోంవర్కు అక్కడే చేసుకుని వస్తాడు. ఒక్కొక్క విడత మందు తయారు కావడానికి వెయ్యిమందికి పైగా దాతల రక్తరసం కలుపుతారు. ఇది జీవితాంతం. మోతాదు బరువును బట్టి ఉంటుంది. పది కిలోల బిడ్డకు నెలకు అయిదు గ్రాములు అయితే, ఇరవైనాలుగు కిలోలకు పన్నెండు గ్రాములు. కొడుకు బరువు పెరిగితే సంతోషించాలో, సీసాలు పెరిగాయని దిగులుపడాలో తెలియడం లేదని పెంటమ్మ నవ్వుతూనే అంటుంది.

ఇది ఒక రకం. ఇటువంటి జన్యు లోపాలు ఇప్పటికి కొన్ని వందలు తెలిశాయి. అన్నీ చెప్పబోను. కొన్నింటిలో తెల్ల కణం క్రిమి దాకా పోతుంది, దాన్ని మింగుతుంది, కానీ చంపలేదు. మింగింది అరగనట్టే. అటువంటి పిల్లలకు కాలేయంలో, మెడలో, చర్మం కింద గడ్డలు మళ్ళీ మళ్ళీ కడతాయి. ఇంకొక అరుదైన దానిలో తెల్ల కణాలు రక్తనాళం గోడ పట్టుకుని బయటికి దిగలేవు. దానికి మన బొడ్డుకోసే అవ్వలకు కూడా తెలిసే గుర్తు ఒకటి ఉన్నది. వారం, పది రోజులు, మహా అయితే రెండు మూడు వారాల్లో ఊడిపోవలసిన బొడ్డు నెల దాటినా ఊడదు. పుండు పడినా చీము పట్టదు.

అన్నింటికంటే భయంకరమైనది టీ కణాలే లేకుండా పుట్టడం. టీ కణాలు లేకపోతే బీ కణాలు ఉన్నా పని చేయవు. కోట గోడా లేదు, కావలీ లేదు. ఇక్కడ తల్లి ఇచ్చిన యాంటీబాడీలు కూడా ఎక్కువ కాలం కాపాడలేవు. మొదటి నెలల్లోనే నోట్లో తెల్లటి పూత ఎన్ని మందులు రాసినా పోదు, విరేచనాలు ఆగవు, బరువు పెరగదు, నిమ్ము వస్తుంది. చికిత్స లేకపోతే సాధారణంగా ఏడాది, రెండేళ్ళ లోపలే ప్రాణం పోతుంది.

అమెరికాలో టెక్సాస్ రాష్ట్రంలో డేవిడ్ వెట్టర్ అనే పిల్లవాడి సంగతి మీలో కొందరు చదివే ఉంటారు. అతని అన్న ఏడు నెలలకే ఈ జబ్బుతో పోయాడు. అందుకని డాక్టర్లు ముందే సిద్ధమై, 1971లో డేవిడ్ పుట్టిన కొన్ని క్షణాల్లోనే క్రిములు చొరబడని ప్లాస్టిక్ గుడారంలో పెట్టారు. పన్నెండేళ్ళు దాంట్లోనే పెరిగాడు. తల్లి చేతులు కూడా రబ్బరు తొడుగుల్లో నుంచే తగిలేవి. అక్క మూలుగ ఎక్కించారు గాని, ఆ మూలుగలో దాగి వచ్చిన వైరస్ వల్ల 1984లో పోయాడు. చివరి రోజుల్లో బయటికి తీసినప్పుడే తల్లి మొదటిసారి ఆ బిడ్డను తొడుగులు లేకుండా ముట్టుకున్నది.

ఇప్పుడు ప్లాస్టిక్ గుడారాలు అక్కర్లేదు. మూలుగ మార్పిడి చాలా మెరుగైంది. 1968లోనే అమెరికాలో రాబర్ట్ గుడ్ అనే డాక్టరు అక్క మూలుగ ఎక్కించి ఇటువంటి ఒక పిల్లవాణ్ణి బతికించాడు. ఎక్కించిన కణాలు బిడ్డ ఒంటి మీదే తిరగబడకుండా ఇచ్చే మందుల్లో మెథోట్రెక్సేట్ ఒకటి. అది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి నాయకత్వంలో నడిచిన ప్రయోగశాల నుంచి వచ్చిందే. సందర్భం వచ్చింది కనుక చెప్పాను.

కానీ మూలుగ మార్పిడి ఎప్పుడు చేశారన్నది ముఖ్యం. ఉత్తర అమెరికాలో 25 ఆసుపత్రుల్లో 2000 నుంచి 2009 దాకా మార్పిడి జరిగిన 240 మంది పిల్లల లెక్క 2014లో అచ్చయింది. మూడున్నర నెలల లోపల చేయించుకున్న వాళ్ళలో అయిదేళ్ళ తరువాత నూటికి 94 మంది బతికి ఉన్నారు. ఆ వయసు దాటాక, ఒంట్లో రోగం రగులుతూ ఉండగా చేయించుకున్న వాళ్ళలో నూటికి 50 మందే. మందూ అదే, డాక్టర్లూ ఆ ఆసుపత్రుల వాళ్ళే. తేడా అంతా ముందుగా తెలియడంలో ఉన్నది. అందుకే అమెరికాలో పుట్టిన ప్రతి బిడ్డ మడమ నుంచి రక్తపు చుక్క తీసి టీ కణాలు ఉన్నాయో లేదో చూస్తారు. 2018 చివరికి అక్కడి అన్ని రాష్ట్రాల్లో ఈ ఏర్పాటు వచ్చింది. మన దేశంలో పుట్టిన ప్రతి బిడ్డకూ ఈ పరీక్ష చేసే ఏర్పాటు లేదు. మనకు ఉన్న ముందస్తు హెచ్చరిక ఒక్కటే. ఇంతకు ముందు ఆ ఇంట్లో పోయిన బిడ్డ. ఆ బిడ్డ సంగతి దాచిపెడితే అది కూడా లేనట్టే.

ఇక్కడ టీకాల సంగతి జాగ్రత్తగా వినండి, సగం విని పక్కింటికి చెప్పకండి. టీకాలు మంచివి, అందరు పిల్లలకూ వేళకు వేయించవలసిందే. అయితే బి.సి.జి., నోట్లో వేసే పోలియో చుక్కలు, రోటావైరస్ చుక్కలు వంటి కొన్నింటిలో నీరసపరచిన సజీవ క్రిములు ఉంటాయి. టీ కణాలు లేని బిడ్డకు ఆ నీరసపడిన క్రిమే ఒళ్ళంతా పాకి ప్రాణం తీయగలదు. మన దగ్గర బి.సి.జి. పుట్టగానే వేస్తారు. కనుక అన్నో, మేనమామో పసితనంలో రోగాలతో పోయిన ఇంట్లో కాన్పు అయితే, టీకా సూది పట్టుకోకముందే ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి. పరీక్ష అయ్యేదాకా ఆపాలా వద్దా అన్నది డాక్టరు నిర్ణయిస్తారు. మనంతట మనం మానేయకూడదు.

పరీక్ష అంటే పెద్ద ఖర్చు అనుకోకండి. మొదటి పరీక్ష మన వరంగల్లులో ఎక్కడైనా చేసే మామూలు రక్తపరీక్షే. కాగితం మీద మొత్తం తెల్ల కణాలు ఇన్ని అని, వాటిలో లింఫోసైట్లు నూటికి ఇన్ని అని ఉంటుంది. మొత్తం 10,000 ఉండి లింఫోసైట్లు నూటికి 60 అయితే 6,000. పసిబిడ్డకు అది బాగున్నట్టు. మొత్తం 5,000 ఉండి నూటికి 20 అయితే వెయ్యి. ఏడాది లోపు బిడ్డకు 3,000 కంటే తక్కువ వస్తే ఊరుకోకూడదు, మళ్ళీ చేయించి పెద్ద డాక్టరుకు చూపించాలి. మొత్తం సంఖ్య ఒక్కటే చూసి 'బాగానే ఉంది' అనుకుని పక్కన పెట్టేసే కాగితాలు ఎన్నో. నాలుగో తరగతి లెక్క ఇది, మనమే వేసుకోవచ్చు.

అలాగని బడికి పోయే పిల్లకు ఏడాదిలో ఆరేడు సార్లు జలుబు చేసిందని కంగారు పడవద్దు. అది మామూలే. ఏడాదిలో రెండుసార్లు నిమ్ము, నాలుగుసార్లు చెవిలో చీము, రెండు నెలలు మందులు వాడినా తగ్గని రోగం, లోపలి గడ్డలు, ఎదుగుదల ఆగిపోవడం, వీటిని చూసి అడగాలి.

ఇక మేనరికం. మా వదినెకు పెంటమ్మను మా అబ్బాయికి చేసుకోవాలని ఒకప్పుడు కోరిక ఉండేది. జాతకాలు కుదరలేదు. కుదిరి ఉంటే ఇవాళ అందరూ మేనరికం వల్లే ఇట్లా అయిందని నా మొహాన అనేవారు. నిజానికి పెంటమ్మ ఇంటి జబ్బుకు మేనరికంతో పని లేదు, అది తల్లి వైపు నుంచి కొడుక్కు వచ్చేది. వేరే జబ్బులు ఉన్నాయి, తండ్రి నుంచి ఒక చెడ్డ నకలు, తల్లి నుంచి ఒక చెడ్డ నకలు రెండూ కలిస్తేనే వచ్చేవి. టీ కణాలు లేని జబ్బుల్లో కొన్ని ఈ తరహావే. అక్కడ మేనరికం లెక్కకు వస్తుంది. బావా మరదళ్ళ బిడ్డలో ఏదైనా ఒక జన్యువు నకళ్ళు రెండూ ఒకే పూర్వికుడి నుంచి వచ్చే అవకాశం 16లో 1. మేనమామకు అక్క కూతురును ఇస్తే 8లో 1. మన ఆంధ్రదేశంలో ఈ పెళ్ళిళ్ళ మీద పరిశోధన చేసిన వాళ్ళలో పిఠాపురానికి చెందిన ద్రోణంరాజు కృష్ణారావు గారు ఒకరు. మన దేశానికి వచ్చి ఇక్కడే స్థిరపడిన పెద్ద జన్యుశాస్త్రజ్ఞుడు హాల్డేన్‌కు ఆయన శిష్యుడు. మీరాఖాన్ గారితో కలిసి 1960లో ఆయన అచ్చు వేసిన వ్యాసం ఈ విషయం మీదే.

పోనీ బయటి సంబంధమే చేసుకున్నాం కదా అని నిశ్చింతగా ఉండేందుకూ లేదు. తరతరాలుగా ఒకే కులంలో ఇచ్చిపుచ్చుకుంటే అందరూ దూరపు చుట్టాలే అవుతారు. 2017లో హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రజ్ఞులు, ఇతర దేశాల వాళ్ళు కలిసి చేసిన పరిశోధనలో దక్షిణాసియాలోని 263 సమూహాలను చూస్తే, వాటిలో 81 ఇటువంటివే అని తేలింది. మన వైశ్యులలో కొందరికి ఆపరేషన్ వేళ కండరాలు సడలించడానికి ఇచ్చే ఒక మందు తొందరగా దిగకపోవడం ఇట్లా వచ్చినదే. అది రోగనిరోధక శక్తికి సంబంధించినది కాదు గాని, దారి ఒకటే.

ఖర్చు సంగతి చెప్పకుండా ముగిస్తే మీరు ఊరుకోరు. కేంద్ర ప్రభుత్వం 2021లో అరుదైన జబ్బులకు ఒక విధానం ప్రకటించింది. మూలుగ మార్పిడితో నయమయ్యే ఈ జబ్బులూ, నెలనెలా యాంటీబాడీలు అవసరమైన పెంటమ్మ కొడుకు జబ్బూ దాని జాబితాలో ఉన్నాయి. 2022లో సాయం పరిమితిని 50 లక్షల రూపాయలకు పెంచారు. దేశంలో ఇందుకు ఎంపిక చేసిన కేంద్రాల్లో హైదరాబాదులో నిమ్స్‌తో కలిసి పనిచేసే సీడీఎఫ్‌డీ ఒకటి. జన్యు పరీక్షలు, కుటుంబానికి సలహా అక్కడ దొరుకుతాయి. ఎవరో తెచ్చి ఇంటి దగ్గర ఇచ్చేది కాదు. కాగితాలు పట్టుకుని తిరగాలి, ఓపిక కావాలి.

చివరగా పెంటమ్మ చెల్లెలి సంగతి. పిల్లవాడి జన్యువులో తప్పు ఎక్కడుందో తెలిసింది కనుక, ఈ పిల్లకూ అది ఉన్నదో లేదో చూడడం తేలిక. మా వదినె మాత్రం ఒప్పుకోలేదు. "అత్తారింట్ల తెలిస్తే దాని బతుకేం గావాలె? నీకు దండం పెడ్త, నోరు విప్పకు" అన్నది. ఆవిడ భయం తప్పని నేను అనలేను. పాలల్లో సత్తువ లేదన్న మాట ఆవిడ కూడా ఒకప్పుడు పడిందే. నేను కొన్నాళ్ళు నోరు మూసుకున్నాను. ఆ పిల్లకు కడుపు అని తెలిసిన తరువాత మూసుకోలేకపోయాను. వదినె నాతో మూడు నెలలు మాట్లాడలేదు. పిల్ల ఒక్కతే ఒక వారం ఆలోచించి మొగుడితో చెప్పింది. అతను బస్సు కండక్టరు, పెద్దగా చదువుకున్నవాడు కాదు. "నీకు బీపీ ఉందంటే దాస్తమా? పోయి సూపిద్దాం పా" అన్నాడట. పరీక్షలో ఆ పిల్లకూ ఒక తాళం చెవి వంకరదే అని వచ్చింది.

వచ్చే నెల కాన్పు. మగపిల్లవాడో ఆడపిల్లో తెలియదు. మగపిల్లవాడైతే పుట్టిన రోజునే బీ కణాల లెక్క చేయించాలని, ఫలితం వచ్చేదాకా పోలియో చుక్కలు నోట్లో వేయాలా, సూదిగా ఇవ్వాలా అని డాక్టరును అడగాలని, పిన్నతనంలో పోయిన మేనమామలు ఇద్దరు, అక్క కొడుకు ఒకడు అని తెలుగులో ఒక కాగితం మీద రాసి, ఆసుపత్రికి తీసుకుపోయే సంచిలో పాత చీర గుడ్డల మధ్య పెట్టుకున్నది. మేనమామలకు పెట్టిన పేర్లు ఏమిటో మా వదినెను అడిగి, ఆ కాగితం మీద అవి కూడా రాసుకున్నది. ఆ పేర్లు నేను మొదటిసారి విన్నాను.